ఇంగ్లండ్ పల్లెల్లో కనిపించే ‘మేనర్ హౌస్’ అంటే కోటలాంటిదా?

కోట కాదండీ. అసలైతే ఊరి పొలాల మీద పెత్తనం ఉన్న భూస్వామి ఇల్లు, కానీ పేరు చూసి మోసపోకూడదు, ఎందుకంటే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో థేమ్స్ నది పక్కన కెల్మ్‌స్కాట్ అని ఓ చిన్న ఊరుంది, అక్కడి మేనర్‌ని 1600 ప్రాంతంలో కట్టించింది ఏ ప్రభువో కాదు, బాగా కలిగిన రైతు. గోడలు రాతివే, పైకప్పు కూడా రాతి పలకలే. 1871లో డిజైనర్ విలియం మోరిస్ దాన్ని అద్దెకు తీసుకున్నాడు, 1896లో చనిపోయేదాకా అద్దె ఇల్లే, కొననేలేదు! తోటలో పిట్టలు స్ట్రాబెర్రీలు ఎత్తుకుపోవడం చూసి, ఆ దొంగల్నే నీలిమందు అద్దకం గుడ్డ మీదికి ఎక్కించాడు. 1883 నాటి ‘స్ట్రాబెర్రీ థీఫ్’ డిజైన్ అదే. ఆయన సమాధి ఆ ఊరి చర్చి ఆవరణలోనే ఉంది. ఇల్లు ఇప్పుడు లండన్ సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ అనే చరిత్ర పరిశోధకుల సంఘం వాళ్లది, టికెట్ కొని చూడొచ్చు.