రివిజన్ తుంటి ఆపరేషన్: ఒక్కసారా, రెండు విడతలా?

2008లో మీ నాన్నగారికి వేసిన తుంటి కీలు ఇప్పుడు నొప్పి పెడుతోందని, రివిజన్ (పాత కృత్రిమ కీలు తీసి కొత్తది వేయడం) ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుందని ఒక డాక్టరు, రెండు విడతల్లో చేయాలని ఇంకొకరు అన్నారని రాశారు. నేను డాక్టర్ని కాను. మా అమ్మకు రివిజన్ జరిగినప్పుడు దగ్గరుండి చూసుకున్నాను, అంతే.

ఇద్దర్నీ ఒకటే అడగండి: ఇన్ఫెక్షన్ లేదని తేలిందా? మిగతాదంతా దాన్నిబట్టే.

మా అమ్మకు కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేసేసరికి తొడలో కలుక్కుమనేది, ఆ తర్వాత కాస్త సర్దుకునేది. ఎక్స్‌రేలో సిమెంటుకీ ఎముకకీ మధ్య సన్నటి నల్ల గీత. స్టెమ్, అంటే తొడ ఎముకలోకి దిగే కాడ, వదులైందని చూడగానే తెలుస్తోంది. అయినా సర్జన్ ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేయించి, కీలులోకి సూది పెట్టి నీరు తీయించి కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) పంపారు. దానికి ముందు రెండు వారాలు యాంటీబయాటిక్ ముట్టుకోవద్దన్నారు. ఆ మందులు ఒంట్లో ఉంటే క్రిములున్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు.

ఏమీ లేదని తేలింది కాబట్టి అమ్మకు ఒక్కసారే చేశారు. పక్క మంచం పెద్దాయనకు ఇన్ఫెక్షన్. లోహం మీద క్రిములు పొరలా అంటుకుంటే మందులు వాటిదాకా సరిగా చేరవు. అందుకని పాత కీలు, సిమెంటు మొత్తం తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటుతో చేసిన స్పేసర్ అనే తాత్కాలిక కీలు పెట్టారు. సాధారణంగా ఆరు వారాలు మందులిచ్చి, ఇన్ఫెక్షన్ తగ్గిందనుకున్నాకే కొత్త కీలు వేస్తారట. క్రిమి ఏదో ముందే తెలిసి, ఎముక, చర్మం బాగుంటే ఇన్ఫెక్షన్ ఉన్నా ఒకే విడతలో చేసేవాళ్లూ ఉన్నారు. జర్మనీలోని హాంబర్గ్‌లో 1970ల నుంచీ ఆ పద్ధతి ఉంది. కాబట్టి మీ డాక్టర్లిద్దరిలో ఒకరు తప్పనుకోనక్కర్లేదు.

నిజానికి కొత్తది వేయడం కన్నా పాతది ఊడదీయడమే కష్టం. అమ్మకు తొడ ఎముక పైభాగాన్ని బయటివైపు నిలువుగా కోసి, తలుపు రెక్కలా తెరిచి, స్టెమ్‌నీ సిమెంటునీ తీశారు. మళ్లీ మూసి తీగలు చుట్టారు. ఎక్స్‌రేలో ఆ తీగలు చూసి ఇంట్లో అందరికీ టెన్షన్! కొత్తగా వేసింది నిలువు గాడులున్న పొడవాటి టైటానియం స్టెమ్; పైన ఎముక పాడైనా కింద గట్టిగా ఉన్నచోట పట్టుకుంటుంది. కప్పు (తుంటి గుంటలో కూర్చునే గిన్నె) వెనక ఎముక అరిగితే పెద్ద కప్పు వేసి స్క్రూలు బిగిస్తారు, గుంటల్లో ఎముక పొడి గానీ టాంటలమ్ అనే లోహపు ముక్కలు గానీ పెడతారు. రివిజన్ తర్వాత కీలు జారే భయం ఎక్కువ కాబట్టి అమ్మకు డ్యూయల్ మొబిలిటీ కప్పు (లోపల రెండు చోట్ల తిరిగేది) వేశారు. కోసిన ఎముక అతికేదాకా ఆ కాలు మీద పూర్తి బరువు వేయనివ్వలేదు. అన్నిటికన్నా ఓపిక పరీక్షించింది ఆ వాకర్ రోజులే.

ఇంకొకటి, పాత డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు (వేసిన కీలు వివరాలు రాసి ఉండేవి) ఉన్నాయేమో వెతకండి. స్టెమ్ బాగానే ఉండి కప్పు వరకే మార్చాలంటే దానికి సరిపోయే హెడ్ (స్టెమ్ పైన కూర్చునే బంతి) ఏదో వాటిమీదే తెలుస్తుంది. పైగా మీది 2008 కేసు. 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్న డిప్యూ ఏఎస్ఆర్ అనే, లోహం మీద లోహం రాసుకునే కీలు అయితే, అరిగి రక్తంలో చేరే కోబాల్ట్, క్రోమియం కూడా చూడాలి. స్టిక్కర్లు దొరక్కపోతే అప్పటి ఆసుపత్రిలో ఆపరేషన్ నోట్స్ కాపీ కోసం రాతపూర్వకంగా అడగండి.