మేడ మీద తీగ కట్టే ముందు

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

రేడియోకి ఏరియల్ నువ్వే కట్టుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తుఫానుకి సెల్ టవర్లు పడిపోయినా విజయవాడ కేంద్రం వినపడాలన్నావట. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కబురు కోసం ట్రాన్సిస్టర్ చుట్టూ మూగినవాళ్లం మేము. నీకా ముందుచూపు ఉన్నందుకు ఎంత సంతోషమేసిందో! కానీ రాత్రి నిద్ర పట్టలేదు. మీ మేడ పక్కనుంచే కరెంటు లైను పోతుంది.

పని సులువే. తొడుగున్న రాగి తీగ పది పదిహేను మీటర్లు తీసుకుని, రెండు వైపులా నైలాన్ తాడుతో ఎత్తుగా కట్టు. విజయవాడ కేంద్రం వచ్చే 837 కిలోహెర్ట్జ్ అలల పొడవు 358 మీటర్లు, అంత తీగ ఎవరూ కట్టలేరు కనుక కొలతల టెన్షన్ వద్దు. పైకి లాగే స్టీలు కడ్డీ ఎఫ్ఎం కోసం. విజయవాడ వచ్చే మీడియం వేవ్‌ని పట్టేది సెట్టు లోపలి ఫెర్రైట్ కడ్డీ, అంటే సన్న తీగ చుట్టిన నల్ల కడ్డీ. అందుకే ఆ కడ్డీ మధ్యలో ఉండేలా తీగను సెట్టు చుట్టూ ఎనిమిదో పదో చుట్లు తిప్పి, కొసను నేలలో పాతిన ఇనుప కడ్డీకి కట్టు. ప్లగ్గు కన్నాల్లో మాత్రం ఏదీ దూర్చకు! గరగర వస్తే ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు ఆపి చూడు.

నా చిన్నప్పుడు మా వీధి చివర ఒకాయన రెండు వెదురు బొంగులు పాతి ఏరియల్ కట్టాడు. ఇరుకు స్థలం. తీగ కరెంటు లైను మీదుగా పోయింది. ‘పైన ఉంది, తగలదులే’ అన్నాడు. చాలాకాలం తగల్లేదు కూడా. ఒక వేసవి సాయంత్రం ఈదురుగాలికి, ఎండకు చివికిన తాడు తెగి తీగ లైను మీద పడింది. అప్పుడే ఆయన ఏరియల్ కొసను సెట్టుకి తగిలిస్తున్నాడు. వాళ్లావిడ రోకలితో కొట్టి విడిపించింది. అది పొడిగా ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఇద్దరూ పోయేవాళ్లు. ఆయన కుడిచేతి వేళ్లు మళ్లీ విచ్చుకోలేదు. విందుల్లో ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంటే మేము చూడలేక తల తిప్పుకునేవాళ్లం. చాలా తెలివైన మనిషమ్మా. నువ్వూ తెలివైనదానివే, అందుకే నా భయం.

లైనుకి పైనా వద్దు, కిందా వద్దు. తీగ తెగి ఎటు పడ్డా లైనుని అందుకోకూడదు. అంత చోటు లేకపోతే గదిలోనే గోడ పొడవునా కట్టు, కాస్త తగ్గినా వినపడుతుంది. ఇనుప గొట్టాలు ఎత్తకు. మబ్బు పట్టేలోపే తీగ విప్పెయ్యి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు. తుఫాను కబురు రాగానే మేడ మీది తీగ దించేసి లోపలి తీగతోనే విను. బ్యాటరీలు తాజావి పెట్టుకో.

ఆదివారం నేనే వస్తున్నాను. పాత పింగాణీ ఇన్సులేటర్లు రెండు అటక మీద ఉన్నాయి, తెస్తాను. నేను వచ్చేదాకా ఆ పిట్టగోడ ఎక్కకు, తల్లీ.

ఇట్లు,
పెదనాన్న