రెండేళ్ల కిందటి సర్వే రిపోర్టు ఉంది, మళ్లీ చేయించాలా?

మీరు చూసిన పడవ 1986లో తయారైన 31 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. అమ్మే ఆయన రెండేళ్ల కిందటి సర్వే రిపోర్టు, అంటే నిపుణుడు పడవను పరీక్షించి రాసిన రిపోర్టు, ఇస్తానంటున్నారు, ఇంకోసారి ఖర్చు పెట్టడం అవసరమా అన్నది మీ ప్రశ్న. అవసరమేనండి. ఆ రిపోర్టు తీసుకుని శ్రద్ధగా చదవండి, కానీ దాన్ని చూసి డబ్బు మాత్రం కట్టకండి.

నేను మొదటి పడవ చూసినప్పుడు నా చేతిలోనూ అలాంటిదే ఉండేది. చివరి పేజీ దాకా చదివాక తెలిసింది, అది బీమా కోసం చేయించిందని. పడవను నీళ్లలోనే ఉంచి, పైపైన చూసి, విలువ కట్టి ఇచ్చారు. పైగా రిపోర్టు చేయించుకున్న వ్యక్తి కోసమే అని అందులో రాసి ఉంది. రేపు ఏదైనా బయటపడితే దాన్ని పట్టుకుని మనం ఎవరినీ అడగలేం. కొనేముందు చేయించే సర్వే వేరు, అడగాల్సింది అదే.

నేను సొంతంగా మెరైన్ సర్వేయర్‌ను, అంటే పడవలు పరీక్షించే నిపుణుణ్ణి, పెట్టుకుని ఆ రోజంతా ఆయన వెంటే తిరిగాను. ఆయన ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో డెక్ (మనం నడిచే పడవ పైభాగం) మీద జానెడు జానెడు దూరంలో కొడుతూ వెళ్లారు. టక్, టక్ అని గట్టిగా పలుకుతున్నది, మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టి ఉంచే తీగలు డెక్‌కు కలిసే చోటికి రాగానే మొద్దుగా మారిపోయింది. సుత్తి నా చేతికిచ్చి కొట్టమన్నారు. నాలుగు దెబ్బలకే నా చెవికీ తేడా తెలిసింది. చాలా పడవల డెక్‌లో రెండు పలుచని ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. బోల్టుల చుట్టూ పూసిన సీలెంట్ పాతబడితే వాన నీళ్లు మెల్లగా దిగి ఆ చెక్క కుళ్లిపోతుంది, పొరలు విడిపోతాయి. పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. తేమ మీటరు కూడా అదే చెప్పింది. బాగు చేయాలంటే పైపొర కోసి, కుళ్లిన చెక్క తీసి, కొత్తది వేసి మళ్లీ అతకాలి. అలాంటి చోట్లు ఆ పడవలో ఐదు దొరికాయి. నేను ఆ పడవ కొనకుండా వదిలేశాను. పాత రిపోర్టులో డెక్ గురించి ఒకే వాక్యం ఉంది: పరిస్థితి బాగుంది అని.

పడవను నీళ్లలోంచి పైకి లేపించకుండా సర్వే ఒప్పుకోకండి. కీల్ (పడవ కింద రెక్కలా దిగి ఉండే బరువైన భాగం), పడవ అడుగు కలిసే చోట ముందువైపు పగులు ఉందా, లోపల కీల్ బోల్టుల చుట్టూ తుప్పు నీళ్లు కారిన మరకలు ఉన్నాయా చూడాలి. కీల్ వెనక అంచుకు సరిగ్గా పైన, లోపలి అడ్డ దూలాల దగ్గర పగుళ్లు ఉంటే పడవ ఎప్పుడో రాతిని గట్టిగా గుద్దుకుందేమోనని అనుమానించాలి. పైకి లేపిన చాలాసేపటికి కూడా చుక్కాని నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతుంటే దాని లోపల నీళ్లు చేరినట్టే. అడుగున చిన్న బొబ్బలు నాలుగైదు కనిపిస్తే మాత్రం టెన్షన్ పడకండి, పాలియెస్టర్ రెసిన్‌తో చేసిన పాత ఫైబర్‌గ్లాస్ పడవల్లో అవి మామూలే. అప్పుడే నీళ్లలోంచి తీసిన అడుగు మీద తేమ మీటరు ఎక్కువ చూపిస్తే దాన్నీ వెంటనే నమ్మనక్కర్లేదు.

నాకు ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది, అందుకే ఇంత రాస్తున్నాను. సర్వేయర్ చాలాసార్లు మాస్ట్ ఎక్కరు, ఇంజిన్ విప్పరు. రిపోర్టులోనే ఆ మాట రాస్తారు. తర్వాత నేను రెండో పడవ కొన్నప్పుడు ఆ వాక్యం చదివి కూడా దాటేశాను. కొన్న మూడో నెలలో రిగ్గర్ (మాస్ట్, తీగల పని చేసే మనిషి) పైకెక్కి చూస్తే, ఒక తీగ చివర బిగించిన స్టీల్ ఫిట్టింగ్‌లో వెంట్రుకంత పగులు కనిపించింది. గాలి బలంగా ఉన్న రోజు అది తెగితే మాస్ట్ మా ఇంట్లోవాళ్ల మీద పడేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి రిగ్గర్‌ను విడిగా పిలవండి. తీగలు ఎప్పుడు మార్చారో రసీదుతో సహా అడగండి, 10-15 ఏళ్లు దాటితే మార్చమని అడిగే బీమా కంపెనీలు ఉన్నాయి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలని ముందే చెప్పండి. వెళ్లగానే దాని మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, నల్లపొగ వస్తే ఇంజిన్ మీద భారం ఎక్కువైందని లేదా గాలి చాలడం లేదని అనుకోవాలి. సెయిల్‌డ్రైవ్ (ఇంజిన్ నుంచి పడవ అడుగు గుండా నీళ్లలోకి దిగి ప్రొపెల్లర్‌ను తిప్పే భాగం) ఉంటే, అక్కడ నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు డయాఫ్రమ్ ఎప్పుడు మార్చారో తెలుసుకోండి. వాటిని తయారుచేసే వోల్వో పెంటా కంపెనీ 7 ఏళ్లకోసారి మార్చమంటుంది.

సర్వేయర్‌ను అమ్మే ఆయనో బ్రోకరో సూచిస్తే మర్యాదగా వద్దనండి. మీరే వెతుక్కోండి. అమెరికాలో శామ్స్, నామ్స్, బ్రిటన్‌లో వైడీఎస్ఏ లాంటి సర్వేయర్ల సంఘాల్లో సభ్యులు దొరుకుతారు. మీరు ఎంచుకున్న సర్వేయర్‌ను, తాను రాసిన పాత రిపోర్టు ఒకటి, పేర్లు తీసేసి పంపమనండి. తెరచాప పడవలు ఎన్ని చూశారో అడగండి.

సర్వేయర్‌ను పిలిచే ముందు ఒక పూట మీరే లోపల కూర్చుని చూడండి. అడుగున నిలిచిన నీళ్లు, కిటికీల కింద మరకలు, చేత్తో తిప్పితే తిరగని సీకాక్‌లు (పడవ గోడలోని నీటి దారులను మూసే కవాటాలు), ఇవన్నీ మీకూ కనిపిస్తాయి. అక్కడే మనసు ఒప్పకపోతే సర్వే ఖర్చు మిగులుతుంది.

అడ్వాన్స్ ఇచ్చేముందు కాగితం మీద రెండు షరతులు రాయించుకోండి: సర్వే, నీళ్లలో నడిపి చూడడం రెండూ మీకు నచ్చితేనే కొంటారని, నచ్చకపోతే అడ్వాన్స్ మొత్తం వెనక్కి వస్తుందని. ఈ మాటకు అమ్మే ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, మిగతాది దాన్నిబట్టి చెప్తాను.