అన్న డెట్రాయిట్, చెల్లి టొరంటో

ప్రశ్న: మా పెద్దవాడు డెట్రాయిట్‌లో, అమ్మాయి టొరంటోలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇద్దరికీ ఐస్ హాకీ పిచ్చి పట్టింది. అక్కడ ఆటలో ఆక్టోపస్‌లు విసురుతారని వాడంటాడు. "వాళ్లకది సరదా, మాకు ప్రాణం" అని అదంటుంది. పక్కపక్క దేశాలే కదా, అభిమానంలో అంత తేడా ఉంటుందా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఆక్టోపస్ మాట నిజమేనమ్మా. 1952లో చేపల కొట్టు నడిపే ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టారు. అప్పట్లో అక్కడి హాకీ లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలవాలంటే ప్లేఆఫ్స్‌లో ఎనిమిది మ్యాచ్‌లు నెగ్గాలి. అందుకే ఎనిమిది కాళ్ల జీవి. ఆ ఏడు డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు ఒక్కటీ ఓడకుండా కప్పు కొట్టింది. ఇక ఆగుతారా!

నేను పదకొండేళ్లు విండ్సర్‌లో ఉన్నాను. అది కెనడా ఊరే, నది దాటితే డెట్రాయిట్. డెట్రాయిట్ తనను హాకీటౌన్ అని పిలుచుకుంటుంది, కాబట్టి సరదా అనేస్తే మీ అబ్బాయి నొచ్చుకుంటాడు. కాకపోతే వాళ్లకు అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లు కూడా ఉన్నాయి. ఇటు కెనడాలో చలికాలమంతా హాకీయే. శనివారం రాత్రి టీవీలో హాకీ 1952 నుంచీ వస్తోంది. మా వీధి పిల్లలు రోడ్డు మీదే గోల్ పెట్టుకుని ఆడేవారు. ఒకడు "కార్!" అని అరవగానే గోల్ పక్కకు లాగడం, బండి వెళ్లాక మళ్లీ మొదలు. అచ్చం మన గల్లీ క్రికెట్టే. టొరంటో మేపుల్ లీఫ్స్ 1967 తర్వాత కప్పు గెలవలేదు. అయినా ఏటా ఆశ పెట్టుకుంటారు. మీ అమ్మాయి ప్రాణం అన్నది ఆ ఆశనే.

మా పక్కింటి పెద్దాయన కెనడాలోనే పుట్టి పెరిగారు, అభిమానం మాత్రం రెడ్ వింగ్స్ మీద. విండ్సర్‌లో అలాంటివాళ్లు చాలామంది. 2009 ఫైనల్ ఏడో మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్ జట్టు రెడ్ వింగ్స్‌ను డెట్రాయిట్‌లోనే ఓడించింది. ఆ జట్టు కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ పేరెత్తితే పెద్దాయన లేచి వెళ్లిపోయేవారు. మరుసటి ఫిబ్రవరిలో వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్, కెనడాకూ అమెరికాకూ. ఆయనింట్లోనే చూశాం. ఇంకో 24 సెకన్లలో అయిపోతుందనగా అమెరికా స్కోరు సమం చేసింది. టెన్షన్‌తో ఆయన కూర్చోలేక గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి కెనడాను గెలిపించింది ఎవరో తెలుసా? ఆ క్రాస్బీయే, అతనూ కెనడావాడే! పెద్దాయన నన్ను వాటేసుకుని ఏడ్చేశారు.

ఈసారి డెట్రాయిట్, టొరంటో తలపడే రోజున అబ్బాయిని చెల్లెలి దగ్గరికి వెళ్లమనండి. కారులో నాలుగు గంటలు. మ్యాచ్‌కు ముందు రెండు దేశాల జాతీయ గీతాలూ పాడతారు, ఆ వేళకు సీట్లలో ఉండమనండి.