చావు భయానికి పద్యం పనిచేస్తుందా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు నెలల కిందట మా టీమ్‌లో ఒకాయన గుండెపోటుతో పోయారు. అప్పట్నుంచి రాత్రి రెండింటికి మెలకువ వచ్చి గుండె దడ, వేళ్ల తిమ్మిరి, చచ్చిపోతానేమోనని భయం. వాచ్‌లో పల్స్ చూసుకుంటూ కూర్చుంటే తెల్లారుతోంది. ఈసీజీ, ఎకో, టీఎంటీ నార్మల్. ఒంగోలు నుంచి నాన్న ‘గజేంద్రమోక్షం చదువుకో’ అంటున్నారు. నాకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. ఉపయోగం ఉంటుందా?

జవాబు: నమ్మకం లేకపోయినా ఉంటుంది. అందులో ‘లావొక్కింతయు లేదు’ పద్యం తీయండి. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సిపోయింది. పానిక్ అటాక్ వచ్చినవాళ్లు మా దగ్గర చెప్పేది ఇదే. పోతనంత బాగా చెప్పలేరు, అంతే. దేవుడు ‘కలడో లేడో’ అని ఆ ఏనుగుకే అనుమానం వచ్చింది, కాబట్టి మీ నమ్మకం సంగతి పక్కన పెట్టండి.

భయంలో గబగబా ఊపిరి పీలుస్తాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. ఊపిరి వదిలేటప్పుడు మాత్రం గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఈ పద్యం శార్దూలం, పాదానికి 19 అక్షరాలు. ఒక్కో పాదాన్ని ఒకే ఊపిరిలో సాగదీసి పైకి చదవండి. మనసులో చదువుకుంటే ఈ లాభం రాదు.

దడ వచ్చినప్పుడే కాదు, రోజూ పగటిపూట చదవండి. చావు మాట నుంచి తప్పించుకునేకొద్దీ భయం బలుస్తుంది. ఇది అలవాటయ్యాక, హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో పాడే జాషువా పద్యాల దాకా వెళ్లొచ్చు. మీ నాన్నగారికి నోటికి వచ్చే ఉంటాయి, ఫోన్‌లో ఆయనతోనే చదివించుకోండి.

అయితే మూడు నెలలుగా నిద్ర లేదంటే పద్యం ఒక్కటే చాలదు. థైరాయిడ్ పరీక్ష చేయించి, సైకియాట్రిస్ట్‌ను కలవండి. మీ ఊళ్లోనే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. కౌన్సెలింగ్‌తో చాలామందికి తగ్గుతుంది. మందులు అవసరమైతే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకండి. అర్ధరాత్రి మరీ తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. నడుస్తుంటే ఛాతీ బిగదీసినా, నొప్పి చేతికో దవడకో పాకినా పాత ఈసీజీని నమ్ముకుని కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఈ రాత్రి నుంచే ఆ వాచ్‌ను హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి పడుకోండి.