సెకండ్ హ్యాండ్ జెట్ స్కీ ఇంజన్ సీజ్ అయింది. కొత్తది పెట్టేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: 1997 సీ-డూ జీటీఎక్స్ జెట్ స్కీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మూడో ట్రిప్పులో ఫుల్ థ్రాటిల్ మీద పోతుండగా ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫ్రెండు బోటుకి తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు. ఇప్పుడు బటన్ నొక్కితే ‘టక్’ మంటుంది తప్ప ఇంజన్ తిరగడం లేదు. ఇంజన్ మార్చాలా, మారిస్తే మళ్ళీ పోకుండా ఏం చేయాలి?

నాదీ అదే బండి, అదే 787 టూ స్ట్రోక్ ఇంజన్. మేం అట్లాంటాకి పైన కమ్మింగ్‌లో ఉంటాం, లేక్ లేనియర్ దగ్గర్లోనే. ఆ ఇంజన్ నేను రెండుసార్లు మార్చాను. మొదటిసారి బండి అమ్మినవాడి పుణ్యం, రెండోసారి అచ్చంగా నా తెలివితక్కువతనం. మీకు ఆ రెండోది రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు అది నిజంగా సీజ్ అయిందో లేదో, అంటే పిస్టన్ సిలిండర్లో పట్టేసి ఇరుక్కుపోయిందో లేదో తేల్చుకోండి. తాడు కట్టి లాగారన్నారు కదా, ఎంత స్పీడులో? ఈ బండిలో ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు జెట్ పంపు నుంచే వస్తాయి. ఇంజన్ ఆగి ఉన్న బండిని జోరుగా లాగితే ఆ నీళ్ళు తోసుకొచ్చి ఎగ్జాస్ట్ నిండి సిలిండర్లలోకి దిగుతాయి. నీళ్ళు నిండిన సిలిండర్లో పిస్టన్ పైకి రాలేదు, అప్పుడూ ఇదే ‘టక్’. అందుకే లాగేటప్పుడు ఇంజన్‌కి వెళ్ళే నీళ్ళ గొట్టాన్ని క్లాంపుతో నొక్కేయాలి, లేదంటే మనిషి నడిచినంత మెల్లగా లాగాలి. బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉందో చూసుకుని, రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ప్లగ్గు తీగలు గ్రౌండ్ చేసి, మొహం పక్కకి పెట్టుకుని బటన్ నొక్కండి. నీళ్ళు చిమ్మి ఇంజన్ తిరిగిందంటే బతికిపోయారు. అదే రోజు నీళ్ళన్నీ కక్కించి, స్టార్ట్ చేసి, ఫాగింగ్ ఆయిల్ (ఇంజన్ లోపల తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే) కొట్టండి. వచ్చే వీకెండ్ చూద్దాంలే అనుకుంటే క్రాంక్ బేరింగులు తుప్పు పట్టిపోతాయి. నీళ్ళకి బదులు ఆయిల్ చిమ్మితే రోటరీ వాల్వ్ (పెట్రోల్, గాలిని ఇంజన్లోకి వదిలే తిరిగే పళ్ళెం) షాఫ్ట్ సీలు పోయి, ట్యాంకులో ఆయిల్ క్రాంక్‌కేసులోకి కారిందని అర్థం. ఏమీ రాకుండా, ప్లగ్గులు తీసినా కదలకుండా మొండికేస్తే ఇక సీజే.

సీజ్ అయిందని తేలాక చాలామంది చేసే పని, నేనూ చేసిన పని, వెంటనే ఇంజన్ల ధరలు వెతకడం. ఆగండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విప్పి, టార్చి వేసి పోర్టులోంచి పిస్టన్ పక్కభాగం చూడండి. నిలువుగా గీతలు పడి, అల్యూమినియం పూసినట్టు ఉందా? ఒక్క సిలిండర్‌లోనేనా, రెండింట్లోనా? నా మొదటి ఇంజన్లో ముందువైపు, అంటే మ్యాగ్నెటో వైపు పిస్టన్ ఒక్కటే గీసుకుపోయింది. రెండోది అద్దంలా ఉంది. ఈ ఇంజన్‌కి రెండు కార్బొరేటర్లు, రెండు సిలిండర్లు. ఒకటే పోయిందంటే ఆ వైపు పెట్రోల్ సరిగా అందలేదేమో అన్న అనుమానం అక్కడే రావాలి. నాకు రాలేదు.

రీబిల్డ్ చేసిన ఇంజన్ తెప్పించాను. పదకొండు వందల డాలర్ల చిల్లర, పాత ఇంజన్ వెనక్కి పంపేదాకా డిపాజిట్ అదనం. నేనూ మా తోడల్లుడూ రెండు వీకెండ్లు గ్యారేజీలో పడి, ఇంజన్ హాయిస్టు అద్దెకి తెచ్చి బిగించాం. పాత కార్బొరేటర్లు పైన పెట్రోల్‌తో తుడిచి మెరిపించి అవే ఎక్కించాం. బండి బ్రహ్మాండంగా నడిచింది. ఆరు గంటలు నడిచింది. ఏడో గంటలో బ్యూఫోర్డ్ డ్యామ్ వైపు పోతుండగా గొంతు కొంచెం సన్నబడినట్టు అనిపించింది, ఆ వెంటనే ఆగిపోయింది. వారంటీ అడిగితే, కార్బొరేటర్లు రీబిల్డ్ చేయించిన రసీదు చూపించమన్నారు. చూపించడానికి ఏముంది నా దగ్గర?

అప్పుడు విప్పాం కార్బొరేటర్లు. మికునీ కార్బొరేటర్ లోపల, చిన్న మూత కింద, వేలిగోరంత జల్లెడ ఫిల్టర్ ఒకటి ఉంటుంది. బయటినుంచి ఎంత తుడిచినా అది కనపడదు. మూత తీసేసరికి ముందువైపు దాంట్లో ఆకుపచ్చ ముద్ద, రుబ్బిన గోరింటాకులా జల్లెడకి పట్టేసి ఉంది. మా తోడల్లుడు దాన్ని స్క్రూడ్రైవర్ మొనతో గీకి, పేపర్ టవల్ మీద రాసి, “బావా, ఇది పెట్రోల్ తాగే బండా, పాయసం తాగే బండా?” అన్నాడు. తర్వాత ట్యాంకు నుంచి వచ్చే బూడిదరంగు గొట్టం ఒక ముక్క కోసి నిలువునా చీల్చాం. లోపలి పొరంతా అదే జిగురు. 90లలో వచ్చిన సీ-డూలలో వాడిన ఈ బూడిదరంగు టెంపో గొట్టాలకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి పొర కరిగి, పెట్రోల్‌తో పాటు పోయి ఫిల్టర్లలో పేరుకుంటుంది.

మెల్లగా పోయినప్పుడు ముద్ద పట్టిన ఆ జల్లెడ సందుల్లోంచి వచ్చే పెట్రోల్ సరిపోతుంది, ఏ తేడా తెలియదు. ఫుల్ థ్రాటిల్‌లో చాలదు. గాలి ఎక్కువై, పెట్రోల్ తక్కువై మంట వేడెక్కుతుంది, పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడకి అంటుకుంటుంది. ‘ఇంజన్ వేడెక్కితే అరిచే హీట్ బీపర్ మోగలేదే’ అని మీరు అనుకోవచ్చు, నేనూ అనుకున్నా. ఆ సెన్సర్ చూసేది ఇంజన్ వేడిని, పిస్టన్ వేడిని కాదు. నీళ్ళు ఆగితే అరుస్తుంది, పెట్రోల్ తగ్గితే దానికి తెలియదు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: ఇంజన్ మార్చాల్సి రావచ్చు, కానీ మొదట మార్చాల్సింది గొట్టాలు. ఎథనాల్‌ని తట్టుకునే నల్లటి మెరైన్ పెట్రోల్ గొట్టం కొని, ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా బూడిదరంగు ముక్క ఒక్కటి కూడా మిగలకుండా తీసేయండి. ఆన్, ఆఫ్, రిజర్వ్ తిప్పే సెలెక్టర్ వాల్వ్‌లో కూడా అదే ముద్ద ఉంటుంది, కొత్తది వేయండి. కార్బొరేటర్లకి ఒరిజినల్ మికునీ కిట్లే వాడండి. చవక కిట్లు కూడా వేసి చూశాను, లోపల పెట్రోల్‌ని ఆపి వదిలే నీడిల్ సరిగా కూర్చోలేదు.

ఆయిల్ సంగతికి వస్తాను. ఊళ్ళో లూనాకి, చేతక్‌కి బంకులో పెట్రోల్‌తో పాటు టూటీ ఆయిల్ కొలిచి పోయించుకున్న రోజులు గుర్తున్నాయా? ఈ బండిలో ఆ కొలిచే పని పంపు చేస్తుంది. పంపు నుంచి ఇంజన్‌కి వెళ్ళే సన్నటి ఆయిల్ పైపులు పాతబడితే పెళుసెక్కి ఊడిపోతాయి, అవీ, ఆయిల్ ఫిల్టరూ మార్చండి. పంపు లీవర్ మీద గుర్తు, బాడీ మీద గుర్తు ఐడిల్‌లో కలవాలి. పైపుల్లో గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేయండి. ఇంజన్ విప్పేటప్పుడు ఆయిల్ ట్యాంకు నుంచి రోటరీ వాల్వ్‌కి వెళ్ళే రెండు లావు గొట్టాలు మర్చిపోకండి, బిరడా పెట్టకపోతే ఆయిలంతా బండి అడుగుకి చేరుతుంది. మళ్ళీ తగిలించాక వాటిలోనూ గాలి తీసేయాలి. ఏ ఆయిల్ అంటే, డబ్బా మీద ఏపీఐ-టీసీ అని ఉన్నది. ఔట్‌బోర్డ్ మోటార్లకి అమ్మే టీసీ-డబ్ల్యూ3 చవకగా దొరుకుతుంది, ఈ ఇంజన్‌కి అది వద్దు.

బిగించేటప్పుడు తప్పు జరిగే చోట్లు రెండు మూడే. ఇంజన్ మౌంట్ల కింద ఎత్తు సరిచేసే పలచటి రేకు ముక్కలు, షిమ్ములు, ఉంటాయి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో టేపు మీద రాసి అంటించుకోండి. అవి తారుమారైతే డ్రైవ్ షాఫ్ట్ వంకరగా తిరిగి దాని చివరి పళ్ళు (స్ప్లైన్లు) అరిగిపోతాయి. అలైన్‌మెంట్ టూల్ అద్దెకి తెచ్చుకోండి, కంటి అంచనాతో కానివ్వకండి. రోటరీ వాల్వ్ టైమింగ్ డిగ్రీ వీల్ (కోణాలు గుర్తులు వేసిన చక్రం) పెట్టి చూడాలి. బ్యాలెన్స్ షాఫ్ట్ అరలో ఆయిల్ పోసి పంపారో లేదో ఇంజన్ అమ్మినవాళ్ళని అడగండి, కొందరు పోయరు. కంప్రెషన్, అంటే సిలిండర్లో వచ్చే ఒత్తిడి, చూసి రాసి పెట్టుకోండి. నాది రెండు సిలిండర్లలోనూ 150 పీఎస్ఐకి అటూఇటూ వచ్చింది. తర్వాతి రోజుల్లో అందులో ఒకటి తగ్గుతుంటే ముందే తెలుస్తుంది.

మొదటి ట్యాంకులో, పంపు ఎలాగూ ఆయిల్ ఇస్తున్నా, పెట్రోల్‌లో కూడా 50కి 1 లెక్కన ఆయిల్ కలిపాను. పొగ బాగా వస్తుంది, ప్లగ్గులు కాస్త నల్లబడతాయి, పర్లేదు. పంపులో ఎక్కడైనా గాలి మిగిలి ఉంటే అదే కాపాడుతుంది. మొదటి పది గంటలు థ్రాటిల్ పెంచుతూ తగ్గిస్తూ నడపండి, ఒకే స్పీడులో లాగించకండి. మా అబ్బాయికి ఈ పది గంటలూ బండి ఇవ్వలేదు, ఇంట్లో పెద్ద గొడవ.

ఇంటి దగ్గర గార్డెన్ పైపు తగిలించి ఫ్లష్ చేసేటప్పుడు ముందు ఇంజన్ ఆన్, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు బంద్, తర్వాత ఇంజన్. తిరగేసి చేస్తే మొదట చెప్పిన ‘టక్’ మీ డ్రైవ్‌వేలోనే వస్తుంది. ఒడ్డు దగ్గర మూడడుగుల లోతు లేనిచోట స్టార్ట్ చేయొద్దు, ఇసుక పీల్చుకుంటుంది. లేనియర్‌కి ఫుల్ లెవెల్ సముద్ర మట్టానికి 1,071 అడుగుల ఎత్తు. వర్షాల్లేని ఏడాది అంతకన్నా బాగా కిందికి పోతుంది, పోయిన సారి లోతుగా ఉన్న చోటు ఈసారి ఉండదు. చలికాలంలో బండి పక్కన పెట్టే ముందు పెట్రోల్‌లో స్టెబిలైజర్ కలిపి, ఫాగింగ్ ఆయిల్ కొట్టి పెట్టండి. సరస్సుల చుట్టుపక్కల బంకుల్లో ఎథనాల్ లేని పెట్రోల్ దొరుకుతుంది, నేను ఇప్పుడు అదే పోస్తున్నా.

రెండో ఇంజన్ పెట్టి ఇది నాలుగో సమ్మర్. ఇంజన్ ఆర్డర్ చేసే ముందు మీ బండిలో పెట్రోల్ గొట్టం ఒక అంగుళం కోసి, చీల్చి, ఫోటో పెట్టండి. కార్బొరేటర్లో ఆ చిన్న మూత ఎక్కడుందో దొరక్కపోతే చెప్పండి, నాది విప్పి చూపిస్తాను.