ముందు ఎక్కడుందో చెప్పు, బంగారం సంగతి తర్వాత

నాయనా,

నీ కథ చదివాను. రష్యాలో ఇలెక్ నది ఒడ్డున సర్మేషియన్ పిల్లను (రెండు వేల ఏళ్ళకు ముందే గడ్డిమైదానాల్లో గుర్రాల మీద తిరిగిన సంచార జాతి వాళ్ళు) పూడ్చిపెట్టే రాత్రి, ఆ గాలి, ఆ గుర్రాలు, బాగానే రాశావు. ఒళ్ళు మండింది మాత్రం మూడో పేజీలో. 'యోధురాలైనా ఆడదే కదా, అందుకే పక్కన అద్దం పెట్టారు' అన్నావు చూడు, అక్కడ.

ఎవరు చెప్పారు నీకు? దక్షిణ ఉరాల్ ప్రాంతంలో, ఓరెన్‌బర్గ్ వైపు ఫిలిప్పోవ్కా అనే చోట పెద్ద పెద్ద సమాధి దిబ్బలున్నాయి, కుర్గాన్లంటారు. 2013లో రష్యన్ పురావస్తు శాస్త్రవేత్త యాబ్లోన్‌స్కీ బృందం అక్కడ మొదటి కుర్గాన్‌లో దొంగల చేయి పడని సమాధి ఒకటి తవ్వింది. పుర్రె పక్కన అల్లిన బుట్ట, బుట్ట నిండా సామాను, అందులో ఎర్ర రంగు కూరిన గుర్రప్పళ్ళు కూడా. దగ్గర్లోనే పెద్ద వెండి అద్దం, దాని మీద మధ్యలో గద్ద, చుట్టూ రెక్కలున్న ఎద్దులు ఆరు. ఇంకా చెవిపోగులు, పచ్చబొట్టు పొడిచే సూదులు. ఇవన్నీ చూసి ముందు ఆడమనిషే అనుకున్నారు. తీరా ఎముకలు పట్టి చూస్తే మగమనిషివిలా ఉన్నాయన్నారు! పైగా సర్మేషియన్ సమాధుల్లో చాలాచోట్ల అద్దాన్ని కావాలనే పగలగొట్టి పెట్టారు, కొన్నిట్లో ముక్క మాత్రమే ఉంటుంది. సోకు కోసమే అయితే పగలగొట్టడం దేనికి?

నేను అందరికీ చెప్పేది ఒకటే, ఎవరికీ నచ్చదు. సమాధి గురించి కథ రాసినా వ్యాసం రాసినా వస్తువు ఏమిటన్నది రెండో సంగతి, ఎక్కడుందన్నది మొదటిది. తల దగ్గరా, కాళ్ళ దగ్గరా, చేతి కిందా, గోడవారా? చివరికి మనిషిని ఎలా పడుకోబెట్టారన్నది కూడా. వోల్గా దిగువన చదరపు గుంట తవ్వి శవాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా పడుకోబెట్టిన సమాధులున్నాయి, ఎందుకలా చేశారో పండితులు ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. నీ కథలో ఆ పిల్ల తల ఏ దిక్కుకుందో కూడా లేదు.

రష్యా పీటర్ చక్రవర్తి దగ్గరికి సైబీరియా నుంచి పాత సమాధుల బంగారం చేరింది, 1716లో గవర్నర్ గగారిన్ పంపినవి కూడా అందులో ఉన్నాయి. ఇప్పుడు హెర్మిటాజ్ మ్యూజియంలో పెట్టారు. బెల్టు పలకల మీద ఒకదాన్నొకటి కరుచుకుంటున్న జంతువుల్ని చూస్తే కళ్ళు చెదురుతాయి, కానీ అవి ఏ దిబ్బలోవో, ఎవరి నడుముకు ఉన్నవో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే తవ్వింది సమాధులు దోచి బతికే ముఠాలు. ఆ పీటరే 1718లో ఏది ఎలా దొరికితే అలా బొమ్మ గీసి పెట్టమని ఆజ్ఞ వేశాడు. చక్రవర్తికి తట్టింది, కథకుడివి నీకు తట్టలేదా?

ఇక ఆ పిల్ల నెత్తిన కిరీటం. అది 1864లో నోవోచెర్కాస్క్ దగ్గర ఖోఖ్లాచ్ దిబ్బలో దొరికిందే కదా, పైన జింకలూ చెట్లూ, ముందు రాతిలో చెక్కిన గ్రీకు స్త్రీ బొమ్మా, నాకు తెలీదనుకున్నావా? అది డాన్ నది వైపుది, నీ పిల్ల ఉన్నది ఇలెక్ ఒడ్డున, మధ్య వందల ఏళ్ళ తేడా కూడాను. ఆ ఇలెక్ వైపే పోక్రోవ్కాలో 1990ల్లో అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త డేవిస్-కింబాల్, యాబ్లోన్‌స్కీ కలిసి తవ్వినప్పుడు దొరికిన పిల్లకు పదమూడు, పద్నాలుగేళ్ళుంటాయి. కాళ్ళ ఎముకలు వంకర తిరిగి ఉన్నాయి, గుర్రం మీదే పెరిగిందన్నారు. పక్కన బాకు, బాణపు ములుకులు, మెడ దగ్గర తోలు సంచిలో ఇంకో ములుకు. ఇంత ఉండగా కిరీటం ఎందుకయ్యా?

ఎందుకో నాకు తెలుసులే, ఫ్యాషన్. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన నాలుగో పుస్తకంలో సౌరోమేటియన్ (సర్మేషియన్లకు ముందువాళ్ళు) పిల్ల శత్రువును చంపేదాకా పెళ్ళి చేసుకోదని రాశాడు, అప్పట్నుంచి ప్రతివాడూ అమెజాన్లతోనే, అంటే గ్రీకు కథల్లోని యోధురాళ్ళతోనే మొదలుపెడతాడు. యూట్యూబ్ వాళ్ళ థంబ్‌నెయిల్స్ గురించి చెప్పనే అక్కర్లేదు.

నా రోజుల్లోనూ ఇదే గోల. రూమ్ అద్దె బాకీ పెట్టి విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు కొనేవాణ్ణి. రష్యన్ వచ్చిన ఒక లెక్చరర్ గారింటికి సాయంత్రాలు వెళ్ళి, ఫొటోల కింద రాసింది చదివించుకుని, సర్మేషియన్ సమాధుల్లో మాంసం ఎలా పెడతారో ఒక వ్యాసం రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు (పేరెందుకులే, మహానుభావుడు) ఎముకల పేరా మొత్తం కొట్టేసి 'అమెజాన్ సుందరి సువర్ణ సమాధి' అని శీర్షిక పెట్టాడు. నా వ్యాసంలో సుందరీ లేదు, సువర్ణమూ లేదు. పారితోషికం కూడా రాలేదనుకో.

అందుకే నీ ఐదో పేజీ దగ్గర ఆగిపోయాను. గొర్రె ముందుకాలు పెట్టి దాని పక్కన ఇనుప కత్తి పెట్టారని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. అది నిజంగా చేసేవాళ్ళు, ఒక సమాధిలో కాదు, ఎన్నో సమాధుల్లో. ముక్కలు కోసి పెట్టలేదు చూడు, కాలుకు కాలే పెట్టారు. ఆకలైనప్పుడు తనే కోసుకుంటుందని కత్తి ఇచ్చారేమో. ఆ వాక్యం చదివాక నాకు కాసేపు ఏమీ తోచలేదు. గొర్రెను కోసిందెవరు, కత్తి ఎవరిది, పిడి ఆ పిల్ల చేతి వైపుకు తిప్పి పెట్టారా, మిగతా మాంసం పైన ఉన్నవాళ్ళు తిన్నారా? నీ కథ అక్కడుంది నాయనా, నువ్వేమో దాన్ని దాటి బంగారం దగ్గరికి పరిగెత్తావు.

మన రాకాసి గుళ్ళతో, అదే పెద్ద రాళ్ళతో కట్టిన ఆ పాత సమాధులతో, దీన్ని ముడిపెట్టొచ్చా అనడిగావు. ముడి ఎక్కడుంది? వద్దు. కలం పేరు, పోటీల సంగతీ ఇంకోసారి.

కిరీటం తీసెయ్, అద్దం గురించిన ఆ వాక్యం తీసెయ్, గొర్రె కాలును మొదటి పేజీకి తే. ఈసారి ఫోన్‌తో ఫొటోలు తీసి కాదు, టైప్ చేసి పంపు, నా కళ్ళు ముందులా లేవు. ఏ పత్రిక వాళ్ళయినా ఆ ఎముక తీసెయ్యమంటే కథ వెనక్కి తెచ్చేసుకో, వేరేచోటికి పంపుదాం.